నా తొలి ఎయిర్ బ్రష్, పులివెందుల అవ్వ

మనిషి ముఖాన్ని పాడుచెయ్యడానికి కత్తీ కటారూ అక్కర్లేదు. కాస్త గాలి, కాస్త నల్ల సిరా, తనను తాను గొప్ప కళాకారుడిననుకునే కుర్రాడొకడు ఉంటే చాలు. ఈ సంగతిని పులివెందులలో ఒక ఉదయం పూట పదిమంది ముందర నిరూపించినవాణ్ణి నేనే. చదివి మీరు నవ్వుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. బస్టాండు ఏ దిక్కున ఉంది, పరుగెత్తితే నన్ను ఎవరు అందుకోగలరు అని ఆలోచించుకోవడంతోనే సరిపోయింది.

అవి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తరోజులు. మా నాన్న ప్రొద్దుటూరులో ఎలిమెంటరీ స్కూలు అయ్యవారు. ఊళ్ళో పిల్లలందరికీ చదువు చెప్పగలిగిన ఆయన నాకు మాత్రం చెప్పలేకపోయాడు. ఆ సంగతి ఇద్దరం ఒప్పుకున్నాక, బొమ్మలు బాగానే వేస్తాడు కదా అని నన్ను మా మేనమామ నరసింహం నడిపే ఫోటో స్టూడియోలో చేర్చాడు. మామ ఫోటోలు తీస్తాడు, వాటిని పెద్దవి చేస్తాడు. పెద్దవి చేసినప్పుడు ముఖం మీద మచ్చలూ గీతలూ కూడా పెద్దవవుతాయి. వాటిని పెన్సిలుతో, సన్నటి కుంచెతో సరిచెయ్యడం నా పని. దాన్ని మేము టచింగు అనేవాళ్ళం. ప్రొద్దుటూరు బంగారు వ్యాపారుల ఇళ్ళలో ఎందరు పెద్దమనుషుల బుగ్గల మీద స్ఫోటకం మచ్చలు నా చేతిలో మాయమయ్యాయో!

అట్లా సుఖంగా సాగుతున్న మా బతుకులోకి ఎయిర్ బ్రష్ వచ్చిపడింది. పులివెందులలో కొత్తగా పెట్టిన స్టూడియోవాళ్ళు దాన్ని తెప్పించారట. వాళ్ళు చేసిన పెళ్ళి ఫోటో ఒకటి ఎవరో తెచ్చి మామకు చూపించారు. పెళ్ళికొడుకు బుగ్గలు అప్పుడే తీసిన వెన్నముద్దల్లా ఉన్నాయి. కుంచె పెట్టిన జాడ ఎక్కడా లేదు. మామ ఆ ఫోటోను వెలుతురుకు పెట్టి చూశాడు, వాలుగా పట్టుకుని చూశాడు, చివరికి వాసన కూడా చూశాడు. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

ఎయిర్ బ్రష్ చూడనివారి కోసం నాలుగు మాటలు చెప్తాను. అది లావుపాటి పెన్నులాగా ఉంటుంది. మీద చిన్న గిన్నె, ఆ గిన్నెలో రంగు పోస్తారు. వెనక రబ్బరు గొట్టం, ఆ గొట్టంలోంచి గాలి వస్తుంది. మీట నొక్కితే గాలి రంగును పట్టుకుపోయి కాగితం మీద మంచులాగా చల్లుతుంది. దగ్గరగా పట్టుకుంటే గీత, దూరంగా పట్టుకుంటే మబ్బు. ఇంత సులువైన వస్తువుతో ఎవరైనా ఇంత అనర్థం ఎట్లా చేస్తారని మీరు అడగవచ్చు. అక్కడికే వస్తున్నాను.

అప్పుడు మద్రాసు నుంచి ఒక ఏజెంటు వచ్చి ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర లాడ్జిలో దిగాడు. అతని పెట్టెలో ఎయిర్ బ్రష్‌లు ఉన్నాయని మామకు తెలిసింది. వాడేది నేను కాబట్టి ఎంచుకోవడం కూడా నన్నే చెయ్యమన్నాడు. ముందు మాత్రం జమ్మలమడుగు పోయి, అక్కడి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా ఉన్న తన స్నేహితుణ్ణి అడిగి రమ్మన్నాడు. ఆయన మద్రాసులో చదువుకునేటప్పుడు ఎయిర్ బ్రష్ పట్టినవాడు. మా ప్రాంతంలో దాని గురించి తెలిసినవాడు ఆయన తప్ప మరొకరు లేరు.

మాస్టారు నాకు మజ్జిగ ఇప్పించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, బడిపిల్లవాడికి చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. ఎయిర్ బ్రష్‌లలో రెండు జాతులట. ఒక జాతిలో మీట నొక్కితే గాలీ రంగూ కలిసి వస్తాయి, అంతే. రెండో జాతిలో నొక్కితే గాలి వస్తుంది, అదే మీటను వెనక్కి లాగితే రంగు వస్తుంది. ఎంత లాగితే అంత రంగు.

“అబ్బీ, నువ్వు మొగాలు చేసేటోనివి. చిన్నది తీసుకో. నొక్కేది మాత్రం ఉండేది తీసుకో. నొక్కేదీ లాగేదీ రెండూ ఉండేది నీకిప్పుడు వద్దు. చెయ్యి కుదిరినంక సూసుకోవచ్చు. కొన్నంక కూడా మొగాల జోలికి పోవాకు. పాత పేపర్ల మీద చుక్కలు పెట్టు, గీతలు గియ్యి. నీ చెయ్యి నువ్వు చెప్పినట్టు ఇంటాదని తెలిసినంకనే ఫోటో ముట్టుకో” అన్నాడు.

ఇంతకంటె తేటగా ఇంకెవరూ చెప్పలేరు. నేను ప్రతి మాటకూ తల ఊపాను. ఆ ఊపుడు చూసి మాస్టారు ఎంత తృప్తిపడ్డాడో!

మర్నాడు లాడ్జిలో ఏజెంటు తన పెట్టె తెరిచాడు. నీలం ముఖమల్ గుడ్డ మీద మూడు ఎయిర్ బ్రష్‌లు పడుకుని ఉన్నాయి. మొదటిది అచ్చంగా మాస్టారు చెప్పినదే. చిన్నది, సన్నది, చెవిలో గుబిలి తీసుకునే పుల్లకంటె కాస్త లావు. రెండోది దానికి అన్నలాగా ఉంది. మూడోది చూడగానే తక్కిన రెండూ నాకు కనిపించడం మానేశాయి. నికెల్ పూత మిలమిలా మెరుస్తోంది. దాని గిన్నె పిల్లలకు ఆముదం తాపే గిన్నెంత ఉంది. మీట నొక్కవచ్చు, లాగవచ్చు, పక్కనున్న మరను తిప్పవచ్చు. చేతిలోకి తీసుకుంటే రాజుగారి పిడిబాకు పట్టుకున్నట్టుంది.

ఏజెంటు నిజాయితీపరుడు. సగం అరవంలో, సగం తెలుగులో, అది అంగళ్ళ బోర్డులకూ బస్సుల మీద రాతలకూ వాడేదని, ముఖాలకు చిన్నదే మంచిదని చెప్పాడు. నేను వినలేదు. పులివెందుల స్టూడియోవాళ్ళ దగ్గర ఉన్నది ఏదని అడిగాను. చిన్నదే అన్నాడు. ఆ మాటతో నా మనసు గట్టిపడిపోయింది. వాళ్ళ చిన్నదానికే పెళ్ళికొడుకు బుగ్గలు వెన్నముద్దలైతే, నా పెద్దదానికి ఏమవుతాయో ఊహించుకున్నాను. సిరా కూడా అతని దగ్గరే తీసుకున్నాను. ఆరితే నీళ్ళకు పోదు అని సీసా మీద ఉంది. అది గొప్ప గుణమని నాకనిపించింది.

మాస్టారు ఏమన్నాడని మామ అడిగితే, చేతికి నప్పింది తీసుకోమన్నాడని చెప్పాను. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “దీంతో మొగాలు చేస్తారా, సున్నం కొడతారా?” అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. నన్ను నమ్మడం ఆయనకున్న ఒకే ఒక్క చెడ్డ అలవాటు.

ఇక గాలి సంగతి. గాలికొట్టే మిషను కొనే తాహతు మాకు లేదు. ఏజెంటే ఉపాయం చెప్పాడు: లారీ ట్యూబు నిండా గాలి కొట్టించి, దాని మూతికి రబ్బరు గొట్టం తగిలించుకుంటే సరి. మామ పాత ట్యూబొకటి సంపాదించాడు. నేను పేపర్ల మీద సాధన మొదలుపెట్టాను. మొదలుపెట్టానన్నది నిజం, కొనసాగించానన్నది కాదు. చుక్కలూ గీతలూ నాకు తొందరగానే విసుగు పుట్టించాయి. మబ్బులు మాత్రం బాగా వచ్చాయి. తెల్లకాగితం మీద ముసురు పట్టిన ఆకాశాన్ని సృష్టించి, దాన్ని దూరంనుంచి చూసుకుని, నా చెయ్యి కుదిరిందని నాకు నేనే సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాను.

అప్పుడే పులివెందుల నుంచి వెంకటసుబ్బమ్మవ్వ పని వచ్చింది. ఆమె కొడుకు నాగయ్య శెట్టి కొత్తగా పెద్ద బట్టలంగడి కట్టించాడు. దాని ప్రారంభానికి తాసిల్దారుగారిని పిలిచారు. అంగట్లో లక్ష్మీదేవి పటం పక్కన తన పటం ఉండాలని అవ్వ పట్టుబట్టింది. బతికున్నవాళ్ళ పటం గోడకెక్కిస్తే ఆయుష్షుకు మంచిది కాదని బంధువులు వద్దన్నారట. తనకున్న ఆయుష్షులో కొంత పోయినా నష్టం లేదని, తాను పోయాక ఈ కొడుకులు ఎవరి పటం తెచ్చి తగిలిస్తారో చెప్పలేమని అవ్వ జవాబు. చాపాడు దగ్గర వాళ్ళ బంధువుల ఇంట్లో అట్లాగే జరిగిందట. ఏ స్టూడియోలోనో పటాలు తారుమారై, పోయిన అత్తగారికి బదులు ఎవరో తెలియని ఆవిడకు ఏడాది పొడుగునా దండలు వేశారట.

అందుకని అవ్వ ఒక షరతు పెట్టింది. దానికి ఊళ్ళో స్టూడియోవాళ్ళు ఒప్పుకోకనే పని మాదాకా వచ్చింది. మామ ఫోటో తీసి పెద్దది చేసి తేవచ్చు కాని, మెరుగులు దిద్దడం మాత్రం తన ఇంట్లో, తన కళ్ళ ముందరే జరగాలి. మామకు ప్రారంభం రోజే ప్రొద్దుటూరులో పెళ్ళి పని ఉంది. నన్ను పంపుతూ బస్సు దగ్గర మళ్ళీ చెప్పాడు. “మొగం నేను పెన్సిలుతో చేసేసినా. నువ్వు చుట్టూ రోంత మబ్బు మాదిరి కొట్టు, సాలు. మొగం మీదికి పోవద్దు. ఇంటాండావా?”

వింటున్నానన్నాను. అప్పటికి తల ఊపడంలో నాకు మంచి అనుభవం వచ్చింది.

పులివెందులలో దిగి, బస్సులకు గాలికొట్టే షెడ్డులో ట్యూబు నింపించుకుని, దాన్ని బజారులో దొర్లించుకుంటూ శెట్టిగారి ఇల్లు చేరాను. ఒక భుజాన అవ్వ పటం, ఒక చేతిలో ఎయిర్ బ్రష్ పెట్టె, ముందు దొర్లుతున్న లారీ ట్యూబు. లారీ యాడుండాది అని దారిలో ఇద్దరు ముగ్గురు మర్యాదగా అడిగారు.

ఇంట్లో సందడిగా ఉంది. ప్రారంభం ఆ ఉదయమే. అవ్వ బక్కపలచటి మనిషి, నిటారుగా నడుస్తుంది. నన్ను పైనుంచి కిందికి చూసి, “ఈ పిల్లోడా చేసేది?” అని మాత్రం అని, నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. గోడకు పటం ఆనించి నేను మబ్బు మొదలుపెట్టాను. నమ్మండి, అంత మంచి మబ్బు నేను మళ్ళీ జన్మలో కొట్టలేదు. అవ్వ తల వెనక లేత బూడిదరంగు పొగమంచులాగా పరుచుకుని, భుజాల దగ్గర సన్నగా కరిగిపోయింది. చూస్తున్నవాళ్ళంతా ఆహా అన్నారు. అవ్వ కూడా మెచ్చుకోలుగా చూసింది. అంతలో కొత్త అంగట్లో లక్ష్మీపూజకు వేళయిందని పిలుపు వచ్చింది. ఆమె లేస్తూ, “ఇంక మొగం ముట్టుకోవాకు. నేనొచ్చేదాకా ఊరికే కూసో” అని చెప్పి వెళ్ళింది.

ఊరికే కూర్చుని ఉంటే ఈ కథ లేదు. శెట్టిగారి భార్య రాజమ్మ పటం దగ్గరికి వచ్చి, పెదవి పైన ఆ ముడతలు అట్లే ఉన్నాయే, వాటిమీద కూడా రోంత మబ్బు కొట్టరాదా అంది. మా మామ ఎందుకో వాటిని వదిలేశాడు. ఇప్పుడు తెలుస్తోంది, అవి అవ్వ ముఖంలో ఉన్నవి కాబట్టి వదిలేశాడు. అప్పుడు మాత్రం, అంత మబ్బు కొట్టిన చెయ్యి ఇంత ముడత మీద కొట్టలేదా అనిపించింది. పొగడ్త తలకెక్కినవాడికి ఎవరేం చెప్పినా సబబుగానే తోస్తుంది.

గిన్నెలో సిరా పోసి, ముక్కు కిందికి బ్రష్ తెచ్చి, మీట నొక్కి, ఊపిరి బిగబట్టి వెంట్రుకవాసి లాగాను. ఏమీ రాలేదు. ఇంకాస్త లాగాను. తుస్సుమని నీరసంగా గాలి మాత్రం వచ్చింది. మబ్బంతా కొట్టేసరికి ట్యూబులో గాలి తగ్గిపోయింది. మళ్ళీ షెడ్డు దాకా పోయే సమయం లేదు. ఎవరైనా ట్యూబును కాస్త వత్తిపట్టుకుంటే బాగుండునని, పటం మీదినుంచి కళ్ళు తిప్పకుండానే అన్నాను.

పూజకు తల్లిని ముందు పంపి, పటం కోసం ఆగిపోయిన నాగయ్య శెట్టి నా వెనక నిలబడి ఉన్నాడని నాకు తెలియదు. ఆయన మంచి మనిషి, సాయం చేసే గుణం ఉన్నవాడు, తూకంలో రెండు బియ్యం బస్తాలకు తక్కువ కాడు. చేతులతో వత్తడం దేనికని ఆయన ఆ ట్యూబు మీద కూర్చున్నాడు.

తర్వాత జరిగింది చెప్పడానికి రెప్పపాటు కంటె ఎక్కువ సమయం పడుతుంది. బ్రష్ నా చేతిలో ఎగిరిపడింది. మీట ఇంకా వెనక్కే ఉంది. అవ్వ ముక్కు కింద, కుడివైపున, నా బొటనవేలంత నల్లటి మచ్చ పడి, చెంప వైపుకు కొస తేలి ఆగింది.

నేను దూది తడిపి అద్దాను. మచ్చ పోలేదు. ఆ సిరా గొప్ప గుణం నాకు గుర్తొచ్చింది. గట్టిగా అద్దితే కొస ఇంకాస్త సాగి పైకి మెలి తిరిగింది. తెల్లరంగు చల్లి కప్పేద్దామనుకుని, లెయ్యండి అని శెట్టిగారికి చెప్పాను. ఆయన లేచాడు. గిన్నె గబగబా తుడిచి తెల్లరంగు పోశాను. లోపల ఇంకా నల్లసిరా మిగిలి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు, అంటే మాస్టారు చెప్పే ఉంటాడు, తల ఊపే పనిలో పడి నేను వినలేదు. బ్రష్ పెట్టి లాగితే ఏమీ రాలేదు. మూతి పూడుకుపోయిందని మీటను పూర్తిగా వెనక్కి లాగి విదిలించాను. నా అవస్థ చూడలేక, గాలి చాలలేదనుకుని, శెట్టిగారు మళ్ళీ కూర్చున్నాడు.

ఈసారి ఎడమవైపు పడింది.

ఒక పక్క ఉన్నంతసేపూ అది మచ్చ. రెండు పక్కలా ఉంటే దానికి వేరే పేరుంది. నేను దూరంగా జరిగి చూశాను. ఒత్తుగా, నల్లగా, కొసలు తిరిగి, ఏ మోతుబరి అయినా నిమ్మకాయ నిలబెట్టాలని ముచ్చటపడే మీసం. దాని వెనక నేను కొట్టిన అందమైన మబ్బు దానికి మరింత వన్నె తెచ్చింది.

రాజమ్మకు వంటింట్లో పని గుర్తొచ్చింది. తక్కిన కోడళ్ళకూ గుర్తొచ్చింది. శెట్టిగారు ట్యూబు మీదినుంచి లేవడం మరచిపోయి, “మాయమ్మ సంపుతాది” అన్నాడు. నన్నో, తననో చెప్పలేదు. బయట మేళం దగ్గరవుతోంది. పూజ ముగించుకుని పటం తీసుకుపోవడానికి అవ్వ వస్తోంది. మామ ముఖం కళ్ళ ముందు కదిలింది. పులివెందుల స్టూడియోవాళ్ళు ఈ పటం గురించి విని పంచుకునే మిఠాయి కూడా కనిపించింది.

అవ్వ లోపలికి వచ్చేసరికి శెట్టిగారు పటానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఆయన అడ్డం నిలబడితే కొత్త అంగడే కనిపించదు, పటమెంత? పక్కకు జరగమంది. ఆయన జరగలేదు. రెండోసారి అనే అవసరం రాకుండా ఒక చూపు చూసింది. జరిగాడు.

అవ్వ పటం ముందర నిలబడింది. కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. ముందుకు వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. మేళంవాళ్ళు కూడా ఎందుకో వాయించడం ఆపారు. ఆ నిశ్శబ్దంలో ట్యూబు మూతి దగ్గర మిగిలిన గాలి సన్నగా పోతున్న చప్పుడు నాకు నా ప్రాణం పోతున్న చప్పుడులాగే వినిపించింది.

“ఎవరు చేసినారు?” అంది.

శెట్టిగారు పైకప్పు చూశాడు. నేనే అవ్వా అన్నాను.

అవ్వ నా వైపు తిరగలేదు. పటాన్నే చూస్తూ, కొడుకుతో చెప్పింది. “మీ నాయన పోయిన ఏడు, నువ్వు సంకలో పిల్లోనివి. గుడ్డల మూట నెత్తిన పెట్టుకోని వేముల సుట్టూ పల్లెలన్నీ తిరిగినా. ప్రొద్దుటూరికి పోయి అప్పు మీద సరుకియ్యండి సామీ అంటే, ఇంట్లో మొగోడెవరన్నా ఉంటే పిల్చకరా పో, ఆడదానికెట్ల ఇస్తాము అనిరి. ఒగరు గాదు, బజారంతా అదే మాట.” పటంలోని మీసాన్ని వేలితో చూపింది. “ఆ పొద్దు ఈ మీసం ఉండింటే పనికొచ్చేది. రోంత ఆలస్యంగా వచ్చింది. ఉండనీ.”

శెట్టిగారి కళ్ళు తడిశాయి. అంతలో అవ్వ నా వైపు తిరిగింది.

“అబ్బీ, ఎడమ పక్క రోంత కిందికి వాలుండాది. సరిచెయ్యి.”

శెట్టిగారు అలవాటుగా ట్యూబు వైపు అడుగు వేశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, బ్రష్ పెట్టెలో పెట్టేసి, మా పాత సన్నకుంచె తీశాను. అవ్వ పక్కనే నిలబడి ఇంకాస్త పైకి, ఇంకాస్త మెలి అని చెబుతుంటే, నా జీవితంలో నేను దిద్దిన మొదటి మీసం పూర్తి చేశాను.

పటం అంగట్లో లక్ష్మీదేవి పక్కన ఎక్కింది. తాసిల్దారుగారు కోస్తా జిల్లాల మనిషి. రిబ్బను కత్తిరించి లోపలికి వచ్చి, పటం ముందు చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించాడు. తర్వాత దాని కిందనే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న అవ్వ వైపు తిరిగి, “మీవారాండీ? మొహంలో ఎంత పౌరుషం ఉందండీ” అన్నాడు.

“అవును సార్” అంది అవ్వ, రెప్ప వెయ్యకుండా. “శానా కష్టజీవి. ఇల్లంతా ఆయనే నిలబెట్టినాడు.”

మామకు సంగతి నాకంటె ముందే చేరింది. కోప్పడతాడనుకున్నాను. పెళ్ళి పని మధ్యలో నన్ను పక్కకు పిలిచి, మీసం బాగా కుదిరిందా అని ఒక్క మాట అడిగాడు. కుదిరిందన్నాను. సరేనని, ఆ వారంలోనే నా రాజుగారి పిడిబాకును బస్సుల మీద రాతలు రాసే ఒకాయనకు ఇచ్చేసి, ఏజెంటు దగ్గర చిన్నది తెప్పించాడు.

ఇక నా ప్రతిజ్ఞ. ఆ సాయంత్రం తిరుగు బస్సులో సర్వదేవతల సాక్షిగా చేసినది, ఈ రోజు దాకా తప్పనిది: ఈ జన్మలో ఏ ఆడమనిషి ముక్కు కిందా గాలి ఊదను. విధి వక్రించి ఊదవలసే వస్తే, ముందు ఆ ఇంట్లో ఉన్న బరువైన మనుషులందరికీ కుర్చీలు వేయించి, వాళ్ళు కదలకుండా కూర్చున్నాకనే మీట మీద వేలు పెడతాను.